దొరగారి పటం

మా బడికి నూరేళ్లు నిండుతున్నాయి కాబట్టి దాని చరిత్ర రాయాలన్నారు. నేను తెలుగు చెబుతాను కాబట్టి నేనే రాయాలన్నారు. చరిత్ర చెప్పే సోషల్ మాస్టారు నవ్వుతూ పక్కకు తప్పుకున్నారు. "భాష మీ చేతిలో ఉందిగా అండీ, చరిత్రదేముంది, ఎవర్నడిగినా చెబుతారు" అన్నారాయన. ఎవర్నడగాలో మాత్రం చెప్పలేదు. ఆయన మీద ఆ కోపం నాకు ఇప్పటికీ కొంచెం ఉంది.

అది తొంభైల చివరి సంగతి. రామచంద్రపురం నుంచి సైకిల్ మీద వెళ్లిరాగల దూరంలో, పంటకాలవ గట్టు పక్కన ఉంటుంది మా బడి. చర్చి పెట్టిన బడి. ఒకటో తరగతి నుంచి పది దాకా నేను అక్కడే చదివాను, ట్రైనింగ్ అయ్యాక అక్కడే టీచరుగా చేరాను. మాది వ్యవసాయం చేసుకునే హిందువుల కుటుంబం. పొద్దున్నే ఇంట్లో దేవుడి దగ్గర దీపం పెట్టి, తొమ్మిదింటికి బళ్లో ప్రార్థనలో నిలబడి గొంతెత్తి పాడటం మాకు అన్నం తిన్నంత మామూలు. క్రిస్మస్ కేకులో పెద్ద ముక్క ఎవరికి పోయిందన్న దగ్గర తప్ప, మా క్లాసులో మతం పేరుతో కొట్లాట జరగగా నేను చూడలేదు.

చరిత్ర రాయమని నన్ను పట్టుకున్నది మా హెడ్మిస్ట్రెస్ గారు. ఆవిడ ఈ ఊరి మనిషి కాదు. తల్లీ తండ్రీ ఎవరో తెలియదు, ఎక్కడో మిషను హాస్టల్లో పెరిగి, టీచరై, పెద్ద గాలివాన వచ్చి వెళ్లిన మరుసటి ఏడు మా ఊరొచ్చారు. ఆ ఏడే నేను ఒకటో తరగతిలో చేరాను. అంటే నాకు మొదటి పంతులమ్మ ఆవిడే, తర్వాత నా పై అధికారీ ఆవిడే. అందుకే స్టాఫ్ రూములో అందర్నీ "మీరు" అని, నన్ను మాత్రం "ఏమ్మాయ్" అనేవారు. పెళ్లి చేసుకోలేదు. ముప్పై ఏళ్లు ఒకే బడి, ఒకే గది, ఒకే గొడుగు. రిటైరవడానికి ఇంకా నెలన్నర ఉంది.

ఆఫీసు గదిలో ఆవిడ కుర్చీ వెనక గోడకి ఒక పెద్ద పటం ఉండేది. తెల్ల గడ్డం, నల్ల కోటు, ఎటో దూరంగా చూసే కళ్లు. కింద డ్రాయింగ్ మాస్టారు రంగుతో రాసిన అక్షరాలు: మా వ్యవస్థాపకులు. మేమంతా దొరగారు అనేవాళ్లం. గోల చేస్తే "దొరగారు చూస్తున్నారు" అని బెదిరించేవారు మమ్మల్ని. ఆవిడ మాత్రం రోజూ పొద్దున్నే చేతిసంచి కుర్చీకి తగిలించి, ఆ పటానికి ఎదురుగా ఒక నిమిషం నిలబడి, అప్పుడు గంట కొట్టించేవారు. ఒకసారి సెలవు చీటీ మీద సంతకం కోసం వెళ్లి గుమ్మంలోనే ఆగిపోయాను. లోపల ఆవిడ పటంతో చెబుతున్నారు: "ఈసారి లెక్కల్లో చాలామంది పోయారండి. నాదే తప్పు. సాయంత్రం క్లాసులు ముందే మొదలుపెట్టాల్సింది."

నన్ను చూసి ఏమీ సిగ్గుపడలేదు. "నాకు నాన్న ఎలా ఉంటాడో తెలియదమ్మాయ్. మంచి చేసినా చెడు చేసినా చెప్పుకోవడానికి ఇంటికో పెద్దమనిషి ఉండాలి కదా. నాకు ఈయన ఉన్నాడు" అన్నారు. సంతకం పెట్టించుకుని వచ్చేశాను.

పాత విద్యార్థులంతా కలిసి నూరేళ్ల పండుగకి ఏదైనా చేస్తామంటే ఆవిడ అడిగింది ఒక్కటే. దొరగారి విగ్రహం బడి గేటు దగ్గర పెట్టాలి, ఆయన చరిత్ర పుస్తకంగా రావాలి. "ఆయన్ని నలుగురి మధ్య నిలబెట్టి, మీ అందరికీ అప్పజెప్పి వెళ్లిపోతాను. గదిలో ఒక్కడే ఉండిపోతే నాకు మనసొప్పదు" అన్నారు. మనిషి గురించి మాట్లాడినట్టే మాట్లాడారు.

నేను పుస్తకం, పెన్ను తీసుకుని కూర్చున్నాను. పాత రిజిస్టర్లన్నీ గాలివానలో నాని ముద్దలైపోయాయట. చర్చి పెద్దల ద్వారా వాళ్ల దేశానికి ఉత్తరం రాయించాం, జవాబు రాలేదు. చివరికి ఆవిడనే అడిగాను, "మేడమ్, దొరగారి పేరేంటండీ?" అని.

"ఆ రోజుల్లో పెద్దల్ని పేరు పెట్టి పిలిచేవాళ్లటమ్మా?" అన్నారు.

"ఏ సంవత్సరం వచ్చారండీ?"

"నూరేళ్ల క్రితం."

"ఎలా వచ్చారండీ?"

ఆవిడ కుర్చీ తిప్పి పటం వైపు చూశారు. "ఆ కళ్లు చూడు. ఎంత ప్రార్థన చేసుకుని వచ్చి ఉంటాడో!" అన్నారు. నేను పుస్తకంలో "ఎంతో ప్రార్థనతో వచ్చారు" అని రాసుకున్నాను. మా బడి చరిత్ర అక్కడికి ఒక వాక్యం అయింది.

విగ్రహం చేయించే పని కూడా నా నెత్తినే పడింది. రావులపాలెం దాటాక రోడ్డు పక్కన రేకుల షెడ్డులో సిమెంటు విగ్రహాలు చేసే ఆయన ఉన్నాడని ఎవరో చెప్పారు. పటాన్ని గోడ మీంచి దింపి, తుడిచి, పాత దుప్పటిలో చుట్టి, ఒళ్లో పెట్టుకుని బస్సెక్కాను. దారిలో దుప్పటి జారింది. కండక్టరు చూసి, "దొరగారికి టిక్కెట్టు తియ్యలేదేంటండీ?" అని నవ్వాడు. పక్క సీట్లో తలపాగా చుట్టుకున్న రైతు ఒకాయన పటం అంచు తాకి చేతులు కళ్లకద్దుకున్నాడు. ఆహా, మా బడి పేరు ఇంత దూరం పాకిందా అని నేను తెగ మురిసిపోయాను. ఇప్పుడు తలచుకుంటే నా తెలివికి నాకే నవ్వొస్తుంది.

షెడ్డులో విగ్రహాలాయన దుప్పటి విప్పి ఒక్క చూపు చూశాడు. "ఓ, ఈయనా! ఈయన మన దగ్గర రెడీగా ఉన్నారండీ, రండి" అని వెనక్కి తీసుకెళ్లాడు. అక్కడ వరుసగా నలుగురు దొరగార్లు. నలుగురికీ తెల్ల గడ్డం, నల్ల కోటు. ముగ్గురు గుర్రాల మీద ఉన్నారు.

"గుర్రంతో కావాలాండీ, గుర్రం లేకుండానా? గుర్రమైతే కాళ్లకి ఇనప చువ్వలు పెట్టాలి, కొంచెం టైము పడుతుంది."

"మీకు ఈయనెలా తెలుసండీ? ఈయన మా బడి పెట్టిన దొరగారు" అన్నాను.

"బడి ఏంటండీ బాబూ! ఆనకట్ట దొర! ధవళేశ్వరం ఆనకట్ట కట్టి మన నోట్లో ఇంత ముద్ద పెట్టిన మహానుభావుడు. దాళ్వా పంటకి నీళ్లొదిలే ముందు కాలవ లాకుల దగ్గర పెట్టుకుంటామని ఊళ్ల వాళ్లొచ్చి పట్టుకెళుతుంటారు. మొన్ననే ఇద్దర్ని పంపించాను." నేను నమ్మనట్టు చూస్తుంటే, ఆయన మేకుకి తగిలించిన పాత క్యాలెండరు తెచ్చి పటం పక్కన పెట్టాడు. అదే గడ్డం, అదే కోటు, అదే చూపు. కాగితం కూడా ఒకచోట అచ్చేసినట్టే ఉంది.

ఈ గోదావరి గట్టున పుట్టి పెరిగి ఆనకట్ట దొరని గుర్తుపట్టలేదా అని మీరు అడగొచ్చు. అయ్యా, విగ్రహాల్లో ఆయన గుర్రం మీద ఉంటాడు. చిన్నప్పటి నుంచి నేను చూసింది గుర్రాన్ని. పైగా ఒకటో తరగతిలో టీచరుగారు వేలు పెట్టి చూపించి ఈయన ఫలానా అన్నాక, ఇంకొకరేమో అని అనుమానించే పిల్లలు మా కాలంలో లేరు.

ఇంటికొచ్చేసరికి నాన్న వీధి అరుగు మీద కూర్చుని ఉన్నాడు. పటం ముందు పెట్టి అడిగాను.

"ఆనకట్ట దొరే. ఏం, నీకు తెలీదా?" అన్నాడు, చాలా మామూలుగా.

"తెలిస్తే ఇన్నేళ్లూ చెప్పలేదేం నాన్నా?"

"చెప్పడానికేముందే? మీ టీచరుగారు మన దొర మీద భక్తి కొద్దీ పెట్టుకున్నారనుకున్నాం. వ్యవస్థాపకులు అంటే మరి, ఈ కాలవలకీ పొలాలకీ ఆయనే కదా! క్రైస్తవులైనా మన దొరని మరిచిపోలేదని ఊరందరం సంతోషించాం. నిన్ను బళ్లో వేసిన రోజు ఆ పటానికి దణ్ణం పెట్టి మరీ వేశాను."

ఒళ్లు మండిపోయింది నాకు. ఊరందరికీ తెలుసు! పాలేరుకి తెలుసు, పాలవాడికి తెలుసు, బస్సు కండక్టరుకి తెలుసు. తెలియంది బడికి మాత్రమే. ముప్పై ఏళ్లు ఒకే పటానికి బడి ఒక దణ్ణం, ఊరు ఇంకో దణ్ణం పెడుతూ వచ్చాయి, ఒకళ్లనొకళ్లు మెచ్చుకుంటూ!

అసలు ఆ పటం గోడ ఎక్కిందెలా? దానికి జవాబు మా పాత అటెండరు దగ్గర దొరికింది. ఆయన రిటైరై, చర్చి వెనక పేటలో, కాలవ వైపు ఇంట్లో తల్లితో ఉంటున్నాడు. నేను సంగతి చెప్పగానే ముందు పగలబడి నవ్వాడు, తర్వాత తల పట్టుకున్నాడు.

"నేను కొత్తగా చేరిన రోజులండి. గాలివానకి ఆఫీసు పెంకులు లేచిపోయి, పాత ఫొటో నాని పాచి పట్టిపోయింది. మనిషో మానో తెలిసేది కాదు. అప్పటి కరస్పాండెంటుగారు నన్ను పిలిచి, రాజమండ్రి వెళ్లి దొరగారి పటం కట్టించుకురా అన్నారండి. ఆయన ఉద్దేశం ఆ పాత ఫొటో బాగు చేయించుకు రమ్మనేమో మరి. నేను పటాల షాపుకి వెళ్లి దొరగారి పటం కావాలన్నాను. షాపాయన ఏ దొర అని కూడా అడగలేదండి. మనకున్నది ఒక్క దొరే కదండీ! తీసి చేతిలో పెట్టాడు. ఇక్కడికి తెస్తే బాగుంది బాగుంది అన్నారు. మరుసటి ఏడు అమ్మగారు వచ్చారు. ఆవిడ వచ్చేసరికే ఆయన గోడ మీద ఉన్నాడు."

ఇదండీ జరిగింది. ఒక్క మాట. బడివాళ్లకి దొర అంటే మిషను దొర, షాపువాడికి దొర అంటే ఆనకట్ట దొర. మధ్యలో ఈయన కొత్త ఉద్యోగి, ఎదురు ప్రశ్న వేసే ధైర్యం లేదు. "అమ్మగారికి చెప్పకండి, ఆవిడ తట్టుకోలేరు" అని బతిమాలాడు.

నాకూ చెప్పాలని లేదు. రెండు రోజులు ముఖం చాటేశాను. కానీ పుస్తకం మీద నా పేరుంటుంది, గేటు దగ్గర ఆయన నిలబడతాడు, మొదటి రోజే ఊరి రైతులొచ్చి కొబ్బరికాయ కొట్టి ఆనకట్ట దొరకి జై అంటారు. అప్పుడు అంత మందిలో ఆవిడ పరువేం కాను? అంతకంటే నేను చెప్పడమే నయం అనుకుని, మూడో రోజు బడి వదిలాక వెళ్లి, పటం బల్ల మీద పెట్టి, ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను.

ఆవిడ చాలాసేపు పటం వైపే చూశారు. కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ చూశారు.

"అంటే ఈయనకి నేనెవరో కూడా తెలియదన్నమాట" అన్నారు చివరికి.

నేను పటానికి చుట్టిన దుప్పటి మడత పెట్టసాగాను.

"లెక్కల్లో ఎంతమంది పోయారో అన్నీ ఒక ఇంజనీరుకి చెప్పానా అమ్మాయ్, ముప్పై ఏళ్లూ?"

ఆ మాటకి నాకు నవ్వు ఆగలేదు. ఎంత పాపిష్టి నవ్వో! ఆవిడ కూడా నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు. కళ్లజోడు డబ్బాలో పెట్టుకుంటూ, "సభ వద్దు. విగ్రహం వద్దు. నేను ఎవరి బడిలో పనిచేశానో నాకే తెలియకుండా వేదికెక్కి ఏం మాట్లాడను? నెలాఖరు సాయంత్రం తాళాలు నీకిచ్చి బస్సెక్కుతాను. ఎవరూ రావద్దు" అన్నారు. ఆవిడ ఒక మాట అంటే అంతే. పండుగ కోసం తెప్పించిన రంగు కాగితాలు ఆ రాత్రికే బీరువాలోకి వెళ్లిపోయాయి.

మర్నాటి పొద్దున ఆవిడ వచ్చి సంచి తగిలించి, ఖాళీ గోడ వైపు తిరిగి నిలబడి, వెంటనే తిరిగి కూర్చోవడం కిటికీలోంచి చూశాను. నాకు ఏడుపొచ్చింది, కోపమూ వచ్చింది. అనవసరంగా చెప్పానని నన్ను నేను తిట్టుకున్నాను. ఆ మధ్యాహ్నమే అటెండరు బడి గేటు దగ్గరకొచ్చి నన్ను పిలిచాడు. "మా అమ్మ మిమ్మల్నీ అమ్మగారినీ ఓసారి రమ్మంటోందండి. నిన్నటి నుంచి ఒకటే గొడవ. నన్ను తిట్టిన తిట్టు తిట్టకుండా తిడుతోంది."

వాళ్లమ్మని మేమంతా వంట మామ్మ అనేవాళ్లం. బడి హాస్టల్లో వంట చేసి చేసి, కళ్లు మసకబారాక మానేసింది. తొంభై దాటాయంటారు, ఆవిడకే లెక్క తెలియదు. హెడ్మిస్ట్రెస్ గారు రానన్నారు. నేను ఊరుకోలేదు. "నా చేత చరిత్ర రాయమన్నది మీరేనండీ. ఆ ఒక్క వాక్యం కూడా ఇప్పుడు కొట్టేశాను. రెండో వాక్యం కోసమైనా రండి" అని గొడుగు తీసి చేతిలో పెట్టాను. ఆవిడతో ఆ గొంతుతో మాట్లాడటం అదే మొదలు, అదే చివర.

మామ్మ అరుగు మీద చాప వేయించి కూర్చుని ఉంది. మేం కూర్చోకముందే అందుకుంది.

"నేనప్పుడే మొత్తుకున్నానమ్మా. ఆ పటం చూసి, ఒరేయ్, మన బడి పెట్టింది దొర కాదురా, దొరసానమ్మరా అని. ఎవరు వింటారు? గరిటె పట్టుకునేదాని మాట ఎవరికి కావాలండీ? ఈ సన్నాసి కూడా నోర్ముయ్యమన్నాడు. ఉద్యోగం పోతదని భయం."

ఎనభై ఏళ్లు వెనక్కి వెళ్లి చెప్పుకొచ్చింది మామ్మ. దొరసానమ్మ కాలవ మీద పడవలో వచ్చిందట. రెండు పెట్టెలు, ఒక టోపీ. గట్టు మీద తాటాకు పాక వేయించి, పేటలోకి తనే నడిచొచ్చి, ఇంటింటికీ తిరిగి ఆడపిల్లల్ని పంపమని అడిగేదట. మామ్మ బడికి వెళ్లేనాటికి ఆవిడకి బాగా వయసైపోయింది. ఆవిడ దగ్గర దిద్దుకున్నవాళ్లలో ఇప్పుడు మిగిలింది మామ్మ ఒక్కతే.

"తెలుగు వచ్చేదా మామ్మా?" అని అడిగాను. నా గోల నాది.

"వచ్చేదే గానీ, తమాషాగా వచ్చేది. రాజమండ్రిలో ఎవరో పంతులుగారు నేర్పాడంట. అండీ పెట్టకపోతే మన వైపు మర్యాద కాదన్నాడో ఏంటో, ఆవిడ అందరికీ పెట్టేసేది. కుక్క వస్తే, కుక్కగారూ, అటు వెళ్లండి అనేది. మేం పలక పగలగొట్టి ఏడుస్తుంటే, మీరు ఎందుకు ఏడుస్తున్నారండీ అనేది. మేం ఏడుపు మానేసి వెనక్కి తిరిగి చూసేవాళ్లం, ఎవర్నో అంటోందని!"

హెడ్మిస్ట్రెస్ గారు ఫక్కుమని నవ్వారు. ముందు రోజు సాయంత్రం నుంచి అదే మొదటి నవ్వు.

"ఊళ్లో మా పేట పిల్లల్ని పిలిచే పిలుపులు వేరమ్మా, అవి ఇప్పుడెందుకులెండి. మమ్మల్ని మీరు అన్న మొదటి మనిషి ఆవిడ. భాష రాక అంటోందని పెద్దాళ్లు నవ్వేవోళ్లు. రాకపోతే రాకపోయింది. మాకు మాత్రం బాగుండేది. మీరు అంటే ఏడవబుద్ధి కాదు" అంది మామ్మ.

నేను రాసుకుంటూనే ఉన్నాను. నా పక్కన హెడ్మిస్ట్రెస్ గారు చీర కొంగుతో కళ్లు తుడుచుకుని, ఉన్నట్టుండి, "ఆ రంగు కాగితాలు బయటికి తియ్యి అమ్మాయ్" అన్నారు. సభ జరిగింది కూడా. మైకులో ఈ కథంతా ఆవిడే చెప్పారు, ఏదీ దాచకుండా. ఇంజనీరుకి మార్కులు చెప్పిన దగ్గర అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది రైతులు, వాళ్లలో మా నాన్న ఒకడు. పటం మళ్లీ ఆఫీసు గోడ మీదికే వెళ్లింది, కింద అక్షరాలు మాత్రం డ్రాయింగ్ మాస్టారు చెరిపి, "మా కాలవలకు నీళ్లిచ్చిన దొరగారు" అని రాశారు. ఇవన్నీ ఊరందరికీ తెలిసినవే.

ఊరికి తెలియనిది ఆ మధ్యాహ్నం అరుగు మీద ఆ తర్వాత జరిగింది.

"ఆవిడ మొహం ఎలా ఉండేదండీ?" అని అడిగారు హెడ్మిస్ట్రెస్ గారు. ఆ గొంతులో ఆశ నాకే తెలిసింది. వెళ్లిపోయేలోగా ఒక్కసారైనా చూసుకోవాలని.

మామ్మ మసక కళ్లు చికిలించింది. "మొహం గుర్తులేదమ్మా. అబద్ధమెందుకు? టోపీ కింద నీడ గుర్తుంది, అంతే."

హెడ్మిస్ట్రెస్ గారు తలూపి గొడుగు అందుకున్నారు. లేవబోతుంటే మామ్మే మళ్లీ అంది, "చెయ్యి గుర్తుంది. నా చెయ్యి పట్టుకుని దిద్దించేదిగా. చెమట చెయ్యి. నా వేళ్లు జారిపోయేవి."

"ఎలా దిద్దించేదండీ?"

"చూపించనా?"

టీచర్ల సంచుల్లో ఏం లేకపోయినా చాక్‌పీసు ముక్క ఉంటుంది. నేను తీసిచ్చాను. ఆవిడ చీర కుచ్చిళ్లు సర్దుకుని, యాభై ఎనిమిదేళ్ల హెడ్మిస్ట్రెస్, సిమెంటు అరుగు మీద బాసింపట్టు వేసుకుని చిన్నపిల్లలా కూర్చున్నారు. మామ్మ తడుముకుంటూ ఆవిడ చెయ్యి పట్టుకుని, తన ముడతల చెయ్యి దాని మీద వేసింది. "కడవ రాద్దామండీ. నాకు మొదట వచ్చిన మాట అదే" అంది.

చాక్‌పీసు నేల మీద ఆనింది. మొదట పడింది తలకట్టు. చిన్న టిక్కు మార్కులాంటి తలకట్టు, కింద ఇంకా అక్షరమే లేదు. ఆ తర్వాత దాని కింద వేలాడదీసినట్టు, నెమ్మదిగా, క ఒళ్లు వచ్చింది.

"టోపీ ముందు పెట్టాలండి. పాపం అక్షరాన్ని ఎండలో నిలబెట్టి, తర్వాత టోపీ ఇస్తే ఏం లాభం, అనేది ఆవిడ" అంది మామ్మ.

హెడ్మిస్ట్రెస్ గారి చెయ్యి ఆగిపోయింది. ఎందుకాగిందో నాకు తెలుసు. లోకమంతా అక్షరం రాసి పైన తలకట్టు పెడుతుంది. మా ఊరి పిల్లలు ముందు తలకట్టు పెట్టి కింద అక్షరం రాస్తారు. అమ్మ చెయ్యి పట్టుకుని అలాగే దిద్దిస్తుంది, వాళ్లమ్మ ఆవిడకి అలాగే దిద్దించింది. ఎందుకో ఎవరికీ తెలియదు. ట్రైనింగ్ కాలేజీలో నేను బోర్డు మీద రాస్తుంటే మా లెక్చరరు, "మీ ఊళ్లో పైకప్పు వేశాక గోడలు కడతారాండీ?" అని క్లాసంతా నవ్వించాడు. హెడ్మిస్ట్రెస్ గారు ఈ ఊరొచ్చిన మొదటి వారంలోనే ఈ రోగం కనిపెట్టి, ఎలాగైనా మాన్పించాలని పట్టుపట్టారు. ముందు తలకట్టు పెట్టిన ప్రతి పిల్ల వేళ్ల మీదా స్కేలు పడేది. నా వేళ్ల మీదా పడింది. హెడ్మిస్ట్రెస్ అయ్యాక కూడా వారానికోసారి ఒకటో తరగతికి వెళ్లి మరీ కొట్టి వచ్చేవారు. ముప్పై ఏళ్లలో ఒక్కరి చేతా మాన్పించలేకపోయారు.

ఆవిడ నేల మీది క వైపు చూస్తూ, "నేను ఇన్నేళ్లూ కొడుతున్నది ఆవిడ చేతి మీదా?" అన్నారు. మామ్మ చెయ్యి ఇంకా ఆవిడ చేతి మీదే ఉంది. కన్నీళ్లు కారిపోతున్నాయి, తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

"కొడితే కొట్టారులెండి, పిల్లలు మానారా ఏంటి?" అంది మామ్మ. "ఆ రెండో అక్షరం రాయండి."

హెడ్మిస్ట్రెస్ గారు ఇంకొంచెం ముందుకి వంగి, ముందు తలకట్టు పెట్టారు.